సన్నబడిన ఏడాది

నేను చచ్చిపోవాలని నిశ్చయించుకున్న ఏడాది మా సంఘంలో అందరూ నన్ను చూసి దేవునికి స్తోత్రం చెప్పారు. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే చెప్పారు. చేతులెత్తి, కళ్ళు మూసుకుని, కొందరైతే కన్నీళ్ళు కూడా పెట్టుకుని చెప్పారు. ఎందుకంటే ఆ ఏడాది నేను సన్నబడ్డాను.

అంతకు ముందు లావుగా ఉండేదాన్ని. ఇప్పుడూ లావుగానే ఉన్నాను, ఆ సంగతి తర్వాత చెబుతాను. కాస్త ఒళ్ళు, బొద్దు, పుష్టి లాంటి మర్యాద మాటలు నా దగ్గర చెల్లవు. ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి నూట ముప్పై కిలోలు దాటాను. మా ఊరు నూజివీడుకు దగ్గర్లో, మామిడి తోటల మధ్య. రెండు ఊళ్ళ అవతల ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. పెళ్ళి కాలేదు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. తమ్ముడు అదే వీధిలో భార్యాపిల్లలతో వేరే ఉంటాడు, తోటలు కౌలుకు తీసుకుని కాయ అమ్ముతాడు.

లావు మనిషికి రోజు ఎలా గడుస్తుందో సన్నటివాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. బడికి వెళ్ళడానికి షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడతాను. ఆటో నెమ్మదిస్తుంది. డ్రైవరు నన్ను చూస్తాడు, వెనక సీటులో మిగిలిన చోటు చూస్తాడు, "వెనకాల ఇంకోటొస్తుందండీ" అని వెళ్ళిపోతాడు. వెనకాల వచ్చినవాడూ అదే అంటాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీలు చూస్తాను. చేతులున్నవా, లేనివా, ప్లాస్టిక్‌వా, ఇనపవా అని. పెళ్ళిళ్ళలో "కూర్చోండి టీచరుగారూ" అంటే "పర్లేదండీ, ఇప్పుడే కూర్చుని లేచాను" అని గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఎండాకాలం తొడలు ఒరుసుకుని పుండ్లు పడేవి, పౌడరు అద్దుకుని బడికి వెళ్ళి నిలబడే పాఠం చెప్పేదాన్ని. చెవి నొప్పని డాక్టరు దగ్గరికి వెళితే బరువు తగ్గమన్నాడు. చెవికీ బరువుకూ ఏం సంబంధమో అతనికే తెలియాలి. జ్వరమన్నా అదే మాట, కళ్ళు మసకలన్నా అదే మాట. కొన్నాళ్ళకు డాక్టర్ల దగ్గరికి వెళ్ళడమే మానేశాను.

పిల్లలు మంచివాళ్ళే. రెండో తరగతిలో ఒకమ్మాయి నా పొట్ట మీద చెవి పెట్టి పడుకునేది, మెత్తగా ఉందని. ఆ పిల్ల అలా పడుకున్నంతసేపూ నాకు సిగ్గనిపించేది కాదు. పెద్దవాళ్ళతోనే వచ్చింది నాకు చిక్కు. వాళ్ళు నవ్వే లోపల నా మీద జోకు నేనే వేసేసేదాన్ని. స్టాఫ్ రూములో అందరికంటే నవ్వించేది నేనే. "మేడం ఉంటే టైమే తెలీదండీ" అనేవాళ్ళు. ఇంటికి వచ్చే దారిలో నూజివీడు బస్టాండు దగ్గర బేకరీలో పఫ్‌లు కట్టించుకుని, ఇంటికి చేరేలోపు సందు మొదట్లో నిలబడి తినేసి, మూతి తుడుచుకుని, అమ్మ ముందు కూర్చుని మళ్ళీ మామూలుగా అన్నం తినేదాన్ని. ఆకలికి కాదు. పొద్దున్నుంచి నవ్వి నవ్వి లోపల ఏదో బొత్తిగా ఖాళీ అయిపోయేది, అది నిండాలంటే తినడం తప్ప నాకు ఇంకో మార్గం తెలియదు. తిన్నాక నా మీద నాకే అసహ్యం వేసేది. ఆ అసహ్యం పోవడానికి మళ్ళీ తినేదాన్ని.

అమ్మది ప్రేమే, కాదనను. ఒక చేత్తో వడ్డించేది, రెండో చేత్తో నుదురు కొట్టుకునేది. "ఇంకొంచెం వేసుకో" అనే నోటితోనే "ఎలా అయిపోయావే తల్లీ" అనేది. చుట్టాలు కనిపిస్తే, వాళ్ళు అడక్కముందే "థైరాయిడండీ మా అమ్మాయికి" అని చెప్పేసేది. నాకు థైరాయిడ్ లేదు. ఆ సంగతి అమ్మకీ తెలుసు. కానీ కూతురు తిని ఇలా అయిందనడం కంటే జబ్బు చేసి అయిందనడం ఆవిడకు గౌరవంగా ఉండేది. మామిడి కాయల రోజుల్లో తమ్ముడు పంపిన రసాలు వెనక గదిలో మంచం కింద గడ్డిలో మాగవేసి, నా కంట పడకుండా దుప్పటి వేలాడదీసేది. నాకు ముక్కు లేదనుకునేదో ఏమో.

నేను ఆదివారం ఆరాధన మానేదాన్ని కాదు. అక్కడ బెంచీలు పొడుగ్గా ఉంటాయి, వాటికి చేతులుండవు. పాటలు బాగా పాడతానని పేరుండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ఆడవాళ్ళం తెల్ల చీరల్లో వరసగా వెళ్ళి బల్ల ముందు మోకాళ్ళూనుతాం. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ చివరి దాకా వెళ్ళాక ఆ వరస లేస్తుంది, వెనక వరస వస్తుంది. ఒక ఆదివారం వరస లేచింది, నేను లేవలేదు. మోకాలు పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని లేవబోయాను, బల్లే కదిలింది, గిన్నెలు చప్పుడు చేశాయి. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి ఎత్తబోయారు. మూడో ఆవిడ వెనకనుంచి పట్టుకుంది. అప్పటికి పాట అయిపోయింది. సంఘమంతా నిశ్శబ్దంగా నన్నే చూస్తుంటే, పాడేవాళ్ళు మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నారు. నేను లేచి నిలబడేవరకు పాడుతూనే ఉన్నారు. దయ కొద్దీ చేసిన పనే అది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

తర్వాతి నెల నుంచి నేను ఆఖరి బెంచీలో కూర్చుంటే అయ్యగారు రొట్టె నా దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు, మంచాన పడ్డ ముసలివాళ్ళకు ఇచ్చినట్టు. అలా రెండుసార్లు తీసుకున్నాక ఇక మొహం చెల్లక వెళ్ళడం మానేశాను. పాటలు కూడా ఆగిపోయాయి. బడిలో జోకులు ఆగిపోయాయి. "ఏంటి మేడం, డల్లుగా ఉన్నారు" అంటే నీళ్ళు నమిలేదాన్ని.

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే శ్రమకాలం మొదలైంది. పాస్టరుగారి భార్యను మా ఊళ్ళో అందరం అమ్మగారు అంటాం. ఆవిడ ఇంటికి వచ్చి, "శుక్రవారం ఉపవాస ప్రార్థనలకి రా టీచరమ్మా. అందరూ కింద కూర్చుంటారనుకోకు, నీకు బెంచీ వేయిస్తాను. ఎన్నాళ్ళిలా ఇంట్లో కూర్చుంటావు?" అన్నారు. అమ్మ వెనకనుంచి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సరే వెళదాంలే అనుకున్నాను.

పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా సాయంత్రం దాకా ప్రార్థన. చివర్లో అందరూ పులిహోర, మజ్జిగ తీసుకుని ఉపవాసం విడుస్తారు. అందరూ ఆవురావురుమని తింటున్నారు. నాకు తినాలనిపించలేదు. మర్నాడూ అనిపించలేదు. ఆ వారమంతా రెండు ముద్దలు తిని లేచాను. తిండి కోసం దొంగతనంగా సందు మొదట్లో నిలబడ్డదాన్ని, బేకరీ ముందు నుంచి నడుస్తూ లోపలికి చూడనైనా చూడలేదు. నాకే ఆశ్చర్యమేసింది. ఇంత తేలికా అనుకున్నాను.

అది తేలిక కాదు. లోపల ఏదో ఆరిపోతోంది, ఆకలి ముందుగా ఆరిపోయింది, అంతే. తర్వాత నిద్ర పోయింది. తెల్లవారకముందే మెలకువ వచ్చి, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు పడి ఉండేదాన్ని. బోర్డు మీద మాట రాస్తూ సగంలో ఆగిపోయేదాన్ని. మిగతా సగం ఏమిటో తెలిసేది, కానీ చేయి ఎత్తి రాయడం దేనికో తెలిసేది కాదు. స్నానం చేయడం కొండ ఎక్కినంత పని. ఏడుద్దామన్నా ఏడుపు వచ్చేది కాదు. రసాలు వచ్చాయి. తమ్ముడు మంచి కాయ ఏరి బుట్ట పంపాడు. ఒకటి పిసికి నోట్లో పెట్టుకుంటే నానిన గుడ్డ పిండుకున్నట్టుంది. పక్కన పెట్టేశాను. ఆ ఏడు అమ్మ దుప్పటి వేలాడదీయలేదు, అవసరం లేకపోయింది. సగం కాయలు గడ్డిలోనే కుళ్ళిపోయి ఇల్లంతా పులుపు వాసన కొట్టింది. అమ్మ వాటిని పారబోస్తూ పాట పాడుకుంటోంది.

ఎందుకు పాడుకోదు? కూతురు తగ్గుతోంది. నెల నెలకీ కళ్ళకు కనిపించేలా తగ్గుతోంది. అమ్మ కుట్టు మిషను దుమ్ము దులిపి నా జాకెట్లన్నీ ముందేసుకుని బిగించి కుట్టింది. కుట్టాక నాకు తొడిగి, ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుని, బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. నాకు ఊహ వచ్చాక అమ్మ నన్ను చూసి అంత హాయిగా నవ్వడం అదే మొదలు. వీధిలో ఎవరు కనిపించినా పిలిచి మరీ చెప్పేది. చుట్టాలకు ఫోన్లు చేసింది. థైరాయిడ్ మాటే మానేసింది.

అమ్మ ఒక్కతే కాదు, లోకమంతా మారిపోయింది. ఆటోలు ఆగడం మొదలుపెట్టాయి. మొదటిసారి ఒకతను ఆపి "రండి మేడం" అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవర్నో పిలుస్తున్నాడేమోనని. స్టాఫ్ రూములో "సీక్రెట్ ఏంటి మేడం? ఏం డైట్? మాకూ చెప్పొచ్చు కదా" అని చుట్టూ చేరేవాళ్ళు. ఏం చెప్పను? అన్నం చూస్తే మట్టి చూసినట్టుందని, పొద్దున్నే లేవాలంటే భయమని, ఒక్క మాట ఎవరికైనా చెబితే నోట్లోంచి ఇంకేం ఊడిపడతాయోనని పళ్ళు బిగించుకుని తిరుగుతున్నానని చెప్పనా? "ప్రార్థనండీ" అనేదాన్ని. వాళ్ళు గౌరవంగా తలలూపేవాళ్ళు. మాటకు మాట అంటించే నేను మౌనంగా ఉంటుంటే, భక్తి ఎక్కువై గంభీరంగా మారిందన్నారు. తమ్ముడు మైలవరం వైపు నుంచి సంబంధం తెచ్చాడు, భార్య పోయిన మనిషి, మంచివాడట. "ఇంకొంచెం తగ్గాక చూపిద్దాం అక్కా" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఏమీ అనలేదు. మండటానికి కూడా ఓపిక చాలలేదు.

లావుగా ఉన్నప్పుడు నేను దిగులుగా కనిపిస్తే జనం అర్థం చేసుకునేవాళ్ళు. పాపం, ఆ ఒంటితో దిగులు కాక ఏముంటుంది అనుకునేవాళ్ళు. ఇప్పుడు దిగులుగా ఉంటానంటే ఎవరు ఒప్పుకుంటారు? సన్నబడుతున్న ఆడదానికి దిగులుండే హక్కు లేదు. పైగా అమ్మ అంత సంతోషంగా ఉంది. ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడానికి నాకు నోరు రాలేదు.

వానలు పట్టాక ఒక రోజు నిశ్చయించుకున్నాను. ఎలా, ఎక్కడ అన్నవి రాయను. చదివేవాళ్ళకు వాటితో పని లేదు. అనుకున్నాక మనసు కుదుటపడింది. బడి తాళాలు అప్పజెప్పాను, పిల్లల నోటు పుస్తకాలు దిద్ది ఇచ్చేశాను. ఆ వారంలోనే ఇద్దరు ముగ్గురు "మొహంలో కళ వచ్చింది టీచరుగారూ" అన్నారు. నాకు నిజంగా భయమేసింది, మనుషుల కళ్ళంటే.

అప్పుడే అమ్మగారు మళ్ళీ వచ్చారు. స్త్రీల కూడిక పెద్దది జరగబోతోంది, చుట్టుపక్కల సంఘాల నుంచి కూడా వస్తారు, నువ్వు సాక్ష్యం చెప్పాలి అన్నారు. దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడమే సాక్ష్యం. నాకొద్దండీ అన్నాను. "నీ కోసం కాదమ్మా, మీ అమ్మ కోసం. ఎన్నేళ్ళు తల దించుకుని తిరిగిందో నీకు తెలీదా?" అన్నారు. ఆ మాటతో ఒప్పుకున్నాను. అమ్మకు ఆ ఒక్క రోజు ఇచ్చేసి, ఆ తర్వాత నా దారిన నేను పోదామనుకున్నాను.

ఆ ఆదివారం అమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మైకు ముందు నేను, పక్కనే అమ్మగారు. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. నేను ఇలా ఉండేదాన్ని, ప్రభువు నా మీద దయ చూపాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. చెప్పే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా కూర్చున్నవాళ్ళు ఆమెన్ అనో స్తోత్రం అనో అందుకుంటారు. చిన్నప్పటి నుంచీ నేనూ అలా అందుకున్నదాన్నే. చెప్పవలసిన మాటలన్నీ ఇంటి దగ్గరే మనసులో అనుకుని వెళ్ళాను.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాను.

"వందనాలు" అన్నారు.

"నేను ఎంత లావుగా ఉండేదాన్నో మీ అందరికీ తెలుసు."

కొందరు నవ్వారు. "స్తోత్రం" అన్నారు.

"ఈ ఏడాది నాకు ఆకలి పోయింది."

"స్తోత్రం."

ఇక్కడ ఉపవాసం గురించి చెప్పాలి. నోరు అటు తిరగలేదు. అమ్మ వెలిగిపోతున్న మొహంతో నా వైపే చూస్తోంది. నా గొంతు ఎవరిదో అయినట్టు స్పీకరులోంచి వినిపించింది.

"అన్నం మీదే కాదు, దేని మీదా ఆశ లేదు."

"ఆమెన్."

"నాకు బతకాలని లేదు. చచ్చిపోదామనుకుంటున్నాను."

"స్తోత్రం, స్తోత్రం, హల్లెలూయా."

నేను గొంతు పెంచలేదు, ఏడవలేదు. సాక్ష్యం చెప్పే గొంతుతోనే చెప్పాను, అందుకని సాక్ష్యం వినే చెవులతోనే విన్నారు. వెనక వరసల్లో ఎవరో చేతులు కూడా ఎత్తారు. అమ్మ వైపు చూశాను. అందరితో పాటు అమ్మ పెదాలూ కదిలాయి.

పక్కనున్న అమ్మగారి చేయి నా మణికట్టు మీద పడింది. ఆవిడ మైకు లాక్కుని పాట ఎత్తుకున్నారు. అందరూ లేచి చప్పట్లు కొడుతూ పాడుతుంటే నన్ను వెనక గదిలోకి నడిపించుకెళ్ళి తలుపు వేశారు.

"ఇప్పుడన్నది మాటవరసకా, నిజమా?"

"నిజమేనండీ."

ఆవిడ చాపలు చుట్టి పెట్టిన బల్ల మీద కూలబడ్డారు. బయట పాట ఇంకా సాగుతోంది. "నీ చేత ఉపవాసాలు చేయించాను కదే అమ్మా" అన్నారు చివరికి. ఆవిడ మొహం పాలిపోయింది. ఆవిడ మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ హాలు నిండా ఉన్న మనుషుల్లో నా మాట విని అడిగినది ఆవిడొక్కరే. ఆ రోజు నన్ను వదల్లేదు. ప్రార్థన ఉందని అమ్మకు చెప్పి మా ఇంట్లోనే ఉండిపోయారు. మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి విజయవాడ తీసుకెళ్ళారు, మానసిక వైద్యురాలి దగ్గరికి. బస్సులో ఒకటే చెప్పారు. "మీ అమ్మకి థైరాయిడ్ పరీక్షలకని చెప్పాను. సంఘంలో కూడా ఎవరికీ తెలియనివ్వకు. పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళావంటే రేపు నీ సంబంధం కూడా చెడుతుంది." ప్రాణం కాపాడుతూ కూడా ఆవిడ ఆలోచించింది అది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ డాక్టరుగారు నా బరువు అడగలేదు. నిద్ర ఎలా ఉంది, పొద్దున్నే లేస్తే ఎలా ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం అనిపిస్తుంది అని అడిగారు. ఏం చేసుకోవాలనుకున్నారో కూడా సూటిగానే అడిగారు. నేను చెప్పేవరకు ఆగారు. అన్నీ విన్నాక, ఇది డిప్రెషన్ అని, ఈ జబ్బు నాకు ఈ ఏడు పట్టింది కాదని, చాలా ఏళ్ళుగా ఉన్నదని, అప్పట్లో దాని వల్లే తిన్నానని, ఇప్పుడు దాని వల్లే మానేశానని చెప్పారు. మందు వాడాలి, మాట్లాడటానికి వారం వారం రావాలి అన్నారు. "ముందే చెబుతున్నాను. జబ్బు తగ్గితే ఆకలి వస్తుంది. మందు వల్ల కూడా కొంత బరువు పెరగొచ్చు. మీకు సమ్మతమేనా?"

నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాతో వచ్చిన నవ్వు, అదీ దిక్కుమాలిన నవ్వు. బతకాలంటే మళ్ళీ ఆటోలు ఆగని మనిషినవ్వాలన్నమాట. కాసేపు నిజంగానే ఆలోచించాను. ఏం ఆలోచించానో సిగ్గు లేకుండా చెబుతున్నాను. బతకడం ఎక్కువా, జాకెట్లు పట్టడం ఎక్కువా అని ఆలోచించాను. చివరికి సరేనన్నాను.

మందు పనిచేయడానికి వారాలు పట్టింది. ఒక రోజు స్టాఫ్ రూములో పక్కావిడ దోసకాయ పప్పు డబ్బా మూత తీసింది. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి. ఆవిడ డబ్బాలోంచి నాలుగు ముద్దలు తినేసి, అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాను. ఏమైందో తెలియక అందరూ నిలబడి చూశారు. ఏడుపు కూడా తిరిగొచ్చింది, అది మందు చేసిన రెండో మేలు.

ఒళ్ళు కూడా తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు నెమ్మదిగా రాలేదు, తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చింది. జాకెట్ల కుట్లు విప్పేటప్పుడు అమ్మ నాతో మాట్లాడలేదు. మైలవరం వాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. ఆటోలు మళ్ళీ వెనకాల ఇంకోటొస్తుందనడం మొదలుపెట్టాయి. సంఘంలో ఆడవాళ్ళు దేవుడిచ్చిన మేలు నిలబెట్టుకోలేకపోయిందని అనుకున్నారు, ఒకావిడ నాతోనే అంది. నాకు కడుపు మండింది. అయితే ఈసారి మండటానికి ఓపికుంది. "అవునండీ, నిలబెట్టుకోలేదు, తిన్నాను" అని మొహం మీదే చెప్పాను. సుఖంగా ఉన్నానని అబద్ధం చెప్పను. మోకాళ్ళు నొప్పి, నిద్రలో ఊపిరి ఆడదు, ఎక్కడికి వెళ్ళినా కుర్చీలే చూస్తాను. కొన్ని రోజులు ఇప్పటికీ చాలా చెడ్డగా గడుస్తాయి. కానీ బోర్డు మీద మొదలుపెట్టిన మాట పూర్తి చేస్తున్నాను.

ఏడాది గడిచాక, ఒకసారి డాక్టరుగారి దగ్గరికి నేనూ వస్తానని అమ్మ పట్టుబట్టింది. వద్దన్నా వినలేదు. బస్సులో నా పక్కన చోటు చాలక వెనక సీటులో కూర్చుంది. దారి పొడుగునా తనలో తాను ఏదో గొణుక్కుంటూనే ఉంది. ఏదో అడగాలని సిద్ధపడి వస్తోందని నాకు అర్థమైంది. గదిలో కూర్చోగానే అడిగేసింది.

"డాక్టరమ్మగారూ, ఆ మాత్రలు ఆపేస్తే మా అమ్మాయి మళ్ళీ తగ్గుద్దాండీ?"

"తగ్గడమంటే?" అన్నారు ఆవిడ.

"నిరుడు ఉన్నట్టండీ. ఎంత చక్కగా ఉండేదో మీరు చూశారుగా. ఊరంతా దేవుడికి స్తోత్రం చెప్పారండీ. థైరాయిడ్‌కి ఇంకేదన్నా మందు ఉంటే రాయండి."

డాక్టరుగారు నా వైపు చూశారు. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అమ్మా, అవి థైరాయిడ్ మాత్రలు కావు. అప్పుడు నేను చచ్చిపోదామనుకున్నాను. అందుకే తిండి పోయింది. అందుకే తగ్గాను."

గుండెలు బాదుకుంటుందనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుంది.

"తెలుసు" అంది.

"అమ్మగారు చెప్పారా?"

"నువ్వే చెప్పావుగా మైకులో. ముందు వరసలోనే కూర్చున్నాను కదే, నాకినపడదా?"

"మరి స్తోత్రం అన్నావు కదమ్మా."

"నోటికొచ్చేసింది. అన్నాక తెలిసింది నువ్వేమన్నావో."

"తెలిసి కూడా ఒక్క మాట అడగలేదు."

అమ్మ నా వైపు చూడలేదు. డాక్టరుగారి వైపే చూస్తూ, ఆవిడకు నచ్చజెబుతున్నట్టు అంది.

"సన్నబడింది కదండీ. ఇంక దీనికేం కష్టం ఉంటుంది, ఇంకెందుకు చస్తుంది అనుకున్నాను."

అమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను. అమ్మ మీద కోపంతో కాదు. సన్నబడితే చాలు, ఇంకే కష్టమూ ఉండదని ఇన్నేళ్ళూ నేనూ అదే అనుకున్నాను.